స్వామివారి తలుపు గడియ

ఆ ఆదివారం నరహరికి వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. చేతిలో ఉన్న పుస్తకాన్ని మూసి పీట మీద పెట్టలేదు, విసిరి పడేశాడు. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మనిషి పడేశాడంటే, ఇక మీరే ఊహించుకోండి.

అంత కోపం ఎందుకొచ్చిందో చెబుతాను. కాస్త ముందుకు జరగండమ్మా, వెనకవాళ్ళకీ చోటు కావాలి కదా.

నాగావళి ఒడ్డున ఒక చిన్న ఆశ్రమం. అందులో వేణుగోపాలస్వామికి ఒక గది, మనుషులకి కొన్ని గదులు. గురువుగారు ముసలాయన. అందరూ పెద్దస్వామి అనేవారు. నరహరి ఆయన శిష్యుడు. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పే ఉద్యోగం మానుకుని వచ్చినవాడు. ఆశ్రమంలో తాళాలూ, వంటసరుకులూ, నియమాలూ అన్నీ అతని చేతిలోనే. ఆదివారం మధ్యాహ్నాలు ఊళ్ళోవాళ్ళు వచ్చి కూర్చుంటే భాగవతం చదివి వినిపించేవాడు.

ఆ ఏడు మాత్రం పట్టుబట్టి ఒక నవల అందుకున్నాడు. ఏడేళ్ళ ఆడపిల్ల కథ. సొంత ఇంట్లో, సొంత బాబాయి చేతిలో, ఏ పిల్లా పడకూడని బాధ పడింది. పడి, బతికి, పెద్దదై, ఆ కథ తానే చెబుతుంది. రాసినావిడ పుస్తకం మీద తన పేరు కూడా వేసుకోలేదు.

అందులో ఒకచోట ఆ పిల్ల పడుకోబోయే ముందు ఇత్తడి చెంబు తెచ్చి తలుపుకి ఆనించి పెట్టుకుంటుంది. ఎవరైనా తలుపు తోస్తే చప్పుడవుతుందని. తెల్లారాక వాళ్ళమ్మ ఆ చెంబు చూసి, "చెంబులతో ఆటలేమిటే, సొట్టలు పడతాయి" అని కసురుతుంది. అక్కడికి వచ్చాక నరహరి పుస్తకం పక్కన పెట్టేశాడు. మంచినీళ్ళు తాగి గాని మళ్ళీ మొదలుపెట్టలేకపోయాడు.

ఆ ఆదివారంతో నవల పూర్తయింది. "మీకేమనిపించిందో చెప్పండి" అన్నాడు నరహరి.

అడక్కుండా ఉండాల్సింది.

పుస్తకాల కొట్టు వరాహాలుగారు ముందు గొంతు సవరించుకున్నారు. "రాసినావిడకి చెయ్యి తిరిగింది, కాదనను. కానీ మరీ ఇంత విప్పి చెప్పాలా? సూచనగా ఒక మాట అని వదిలేస్తే మర్యాదగా ఉండేది. ఇంతకీ నిజంగా జరిగిందంటారా, అమ్ముడుపోవడానికి అల్లిందంటారా?"

"నాకైతే పమిట చెంగు తడిసి ముద్దయిపోయిందండీ" అంది ఆయన భార్య కాంతమ్మ. "మా ఆడపడుచు ఉంది చూడండి, ఒక్క చుక్క రాల్చలేదు. గుండె కాదది, బండ."

ఏడ్చినందుకు ఈవిడకి మనం శాలువా కప్పాలన్నమాట!

ఇంకొకాయన అందుకున్నాడు. "అంతా బాగుంది గానీ, ఆ బాబాయి చావబోతూ కబురెడితే వెళ్ళకపోవడం ఏటండీ? వెళ్ళి, పోనీలే అని ఒక్క మాట అనుంటే, ఇన్నాళ్ళు విన్నందుకు మనకీ మనసు చల్లబడేది."

వినండి మరి. మన మనసు చల్లబడడానికి ఆ పిల్ల మళ్ళీ ఆ గుమ్మం తొక్కాలట!

నరహరి అప్పటిదాకా పళ్ళు బిగబట్టుకునే ఉన్నాడు. చివరికి రిటైరైన తహసీల్దారు సన్యాసిరావుగారు చేతికర్ర మీద గడ్డం ఆనించి, "అది సరేనయ్యా. అన్నాళ్ళు ఆ పిల్ల నోరు మూసుకుని ఎందుకుంది? ఎవరికో ఒకరికి చెప్పొచ్చుగా?" అన్నారు.

అప్పుడే పుస్తకం పీట మీద పడింది.

"చెప్పింది!" అని అరిచాడు నరహరి. "కడుపులో నొప్పంది. ఆ గదిలో పడుకోనంది. నాయనమ్మ పక్కన చాప వేసుకుంటానంది. తలుపుకి చెంబు పెట్టుకుంది. ఏడేళ్ళ పిల్ల ఇంకెలా చెప్పాలండీ? స్టాంపు కాగితం మీద రాసి మీ ఆఫీసులో ఇవ్వాలా?"

"నా మీద ఎగురుతావేమయ్యా! నేనేం చేశాను?"

"ఏమీ చెయ్యలేదు. అందరూ చేసింది అదే!"

సభ బిక్కచచ్చిపోయింది. వసారా చివర స్తంభం వెనక ఒకావిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది. తాయారు. ఆ వానాకాలంలోనే వంటింట్లో సాయానికి వచ్చింది. నలభై దాటిన మనిషి, పెద్దగా మాట్లాడదు. ఆవిడ చిక్కుడుకాయల తట్ట ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. వెళ్ళడం ఎవరూ చూడలేదు. నరహరీ చూడలేదు, అతను అరుస్తున్నాడు.

అరిచి అరిచి, తిన్నగా పెద్దస్వామి దగ్గరికి వెళ్ళాడు. ఆయన వెనక వసారాలో కూర్చుని సాయంత్రం దీపాలకి వత్తులు చేసుకుంటున్నాడు.

"ఇక ఈ సభలు మూసేద్దాం స్వామీ. ఈ మనుషులకి చదివి వినిపించడం నావల్ల కాదు. పక్కగదిలో పిల్ల కేకపెట్టినా వీళ్ళ చెవిన పడదు. ఒక్కొక్కరూ అన్న మాటలన్నీ పేర్లతో సహా పత్రికలో రాసి పారేస్తాను."

"బాగా అరిచావురా. ఇక్కడికి వినబడింది."

"తప్పంటారా?"

"ఎవరన్నారు? వింటుంటే నాకూ ఒళ్ళు మండింది." పెద్దస్వామి ఇంకో దూదిపింజ తీసుకున్నాడు. "పొద్దున్న తాయారు నిన్ను ఆపి ఏదో అడుగుతోందే, ఏమిటది?"

ఇంత కోపం మధ్య ఈ ప్రశ్నేమిటా అన్నట్టు చూశాడు నరహరి. "గడియ స్వామీ. తన గది తలుపుకి లోపల గడియ కావాలట. వచ్చినప్పటినుంచీ అదే గోల. ఇక్కడ గదులకి గడియలుండవమ్మా, పెద్దస్వామి పెట్టిన నియమం, ఆశ్రమంలో ఎవరివల్ల ఎవరికి భయం అని నచ్చజెప్పాను."

"ఊఁ."

"వింటేగా! రోజూ పడుకోబోయే ముందు వంటింట్లో సన్నికల్లు ఈడ్చుకెళ్ళి తలుపుకి అడ్డం పెట్టుకుంటోంది. కొత్తగా వేయించిన టైల్సు నిండా గీతలు. పొద్దున్న నేనూ కాస్త గట్టిగానే కసిరా..."

ఆ మాట అక్కడే ఆగిపోయింది.

పెద్దస్వామి ఆ మాట పూర్తి చెయ్యమనలేదు. వత్తుల పళ్ళెం పక్కన పెట్టి లేచాడు.

"స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టావు?"

"రేపు... రేపు బజారునుంచి మంచి గడియ తెప్పిస్తాను స్వామీ. ఇవాళ కొట్లుండవు."

"స్క్రూడ్రైవరు తే. కోపం చల్లారకముందే పద."

ఆయన నడిచింది ఎక్కడికనుకున్నారు? వేణుగోపాలుడి గదికి. ఆశ్రమం మొత్తానికి లోపలి గడియ ఉన్న తలుపు అదొక్కటే. నైవేద్యం పెట్టేటప్పుడు ఎవరూ తొంగిచూడకుండా లోపలినుంచి వేసుకునే ఇత్తడి గడియ. పెద్దస్వామి మోకాళ్ళ మీద కూర్చుని దాని మొదటి స్క్రూ తిప్పాడు.

"స్వామీ! అది స్వామివారి తలుపు!"

"తెలుసు."

"నైవేద్యం వేళ ఎవరైనా తోసుకొస్తే?"

"ఆయనకేం భయంరా? కావలిస్తే నువ్వు బయట నిలబడి తలుపు పట్టుకో." రెండో స్క్రూ బిగుసుకుపోయి ఉంది. ఆయన ఊపిరి బిగబట్టి తిప్పాడు. "గడియలు వద్దని నియమం పెట్టినవాణ్ణి నేనే. అప్పుడిక్కడ అందరం మగవాళ్ళం. మహా ధైర్యవంతులం."

వేణుగోపాలుడి పెదాల మీద నవ్వు ఎప్పుడూ ఉండేదే. ఆవేళ దానికొక కారణం దొరికిందని నేను నమ్ముతాను.

వాళ్ళు వెళ్ళేసరికి తాయారు గది గుమ్మం దగ్గర కూర్చుని, కొబ్బరిపీచుతో టైల్సు తోముతోంది. గురుశిష్యులిద్దర్నీ ఒక్కసారే చూసి గాభరాగా లేచింది. "తోమేస్తన్నానండి. గీతలు పోతాయి. మళ్ళీ పడనివ్వనండి."

"గీతలు ఉండనీ అమ్మా" అన్నాడు పెద్దస్వామి. చెయ్యి చాపి గడియ చూపించాడు. "ఇది ఎక్కడ పెట్టమంటావు?"

తాయారు ఆ గడియకేసి చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఆవిడ చెయ్యి దానంతటదే తలుపు మీదికి వెళ్ళి ఒకచోట ఆగింది. నడుముకంటే కిందకి.

అంత కిందకైతే వంగి వేసుకోవాలి కదమ్మా అనబోయాడు నరహరి. అనలేదు. ఆ చోటుకేసి చూస్తూ ఉండిపోయాడు. అది ఏడేళ్ళ పిల్ల చేతికి అందే ఎత్తు.

తాయారు ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. "కాదండి, కాదండి. పైన పెట్టండి. ఏదో ఆలోచనలో..."

పెద్దస్వామి అప్పటికే ఆవిడ చూపించిన చోట గడియ ఆనించాడు. "ఇక్కడే బాగుందమ్మా. నరహరీ, కదలకుండా పట్టుకో."

నరహరి రెండు చేతులతో పట్టుకున్నాడు.

స్క్రూలు బిగించడం అయ్యాక ఇద్దరూ బయటికి వచ్చారు. వెనక తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు. తీసిన చప్పుడు. మళ్ళీ పడిన చప్పుడు.

నరహరి తలుపు ముందే నిలబడ్డాడు. పెద్దస్వామి అతని భుజం తట్టాడు. "పద. బయట మనిషి నిలబడి ఉంటే ఆవిడకి నెమ్మదిగా ఉండదు."

సాయంత్రం నైవేద్యం వేళయింది. పెద్దస్వామి పొంగలి పట్టుకుని లోపలికి వెళ్ళాడు. నరహరి బయట నిలబడి, తలుపు రింగు పట్టుకుని దగ్గరికి లాగి ఉంచాడు. ఏటిగాలి తలుపుని తోస్తోంది.

తీర్థం కోసం ఆగిన సన్యాసిరావుగారు కర్ర పొడుచుకుంటూ వచ్చారు. మధ్యాహ్నం పడిన చీవాట్లు ఆయనింకా మరిచిపోలేదు. "ఏమయ్యా పంతులూ, తలుపు పట్టుకుని వేళ్ళాడుతున్నావు? గడియేమైంది?"

"ఒకరు అడిగారండీ. ఇచ్చేశాం."

"స్వామివారి గడియా! ఎవరయ్యా అడిగింది?"

నరహరి తలుపు రింగు ఇంకాస్త దగ్గరికి లాగాడు.

"పేరు చెప్పకపోతే పోనీ. అంత అవసరం ఏమొచ్చిందో అడిగినవాళ్ళు చెప్పొద్దూ?"

గాలి మళ్ళీ తోసింది. నరహరి తలుపు వదల్లేదు. సన్యాసిరావుగారి వైపు తిరిగాడు. ఈసారి అరవలేదు.

"చెప్పారండీ" అన్నాడు.