జకరయ్య మాస్టారి గంట

పైడిరాజుకి మాస్టారి మీద ఉన్నది కోపం కాదు, బెంగ. ఆ తేడా అతనికే సరిగా తెలిసేది కాదు.

పాలకొండలో జకరయ్య మాస్టారి మేడ మీద ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆరుగురు చేరతారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో రిటైరైన మాస్టారు వాళ్లకి సొంతంగా ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాయడం నేర్పుతారు. ఆరు బల్లలు, ఒక్క మాస్టారు. ఒక్కో బల్ల దగ్గర ఏడు నిమిషాలు. వంటింట్లో టైము పెట్టుకునే చిన్న బ్యాటరీ గంట ఒకటి ఆయన జేబులో ఉంటుంది. అది మోగిందంటే మాట సగంలో ఉన్నా సరే, ఆగిన చోటుని ఆ బల్ల మీది పలకపై రాసి, లేచి పక్క బల్లకి వెళ్లిపోతారు. మళ్లీ వంతు వచ్చినప్పుడు, అది గంటసేపటికైనా వారం తర్వాతైనా, పలక చూసుకుని అక్కడినుంచే అందుకుంటారు.

ఆయన పాఠమూ అదే. "కంప్యూటర్‌కి ఉన్నది ఒక్క బుర్ర. పనులు బోలెడు. లోపల టైమర్ అనే గడియారం సెకనుకి వందసార్లు తలుపు తడుతుంది. తట్టినప్పుడల్లా సిస్టమ్ మీద పెత్తనం చేసే కెర్నెల్ లేచి, నడుస్తున్న పని ఎందాకా వచ్చిందో రాసిపెట్టుకుని, ఇంకోదానికి వంతు ఇస్తుంది. తిరిగి వంతొచ్చాక ఆ పని అక్కడినుంచే సాగుతుంది. మధ్యలో ఆగినట్టు దానికి తెలియనే తెలియదు."

దానికి తెలియకపోవచ్చు. పైడిరాజుకి తెలిసేది. లైన్‌మన్ ఉద్యోగం. వారమంతా ఫ్యూజులు, ఫోన్లు, తిట్లు. ఈ సంగతులు మాట్లాడుకోవడానికి మనిషి లేడు. ఇంట్లోవాళ్ల లెక్కలో అదొక వీడియో గేమ్. ఆరు రోజులు ఎదురుచూసి వస్తే, మాట రుచి తగిలేసరికి గంట మోగేది. మాస్టారు లేచి వెళ్లిన కుర్చీనే చూస్తూ కూర్చునేవాడు.

ఒక ఆదివారం తన సిస్టమ్ చూపించాడు. తెర మీద అల ఒకటి మెల్లగా గీసుకుంటూ పోతోంది, ఎక్కడా తడబడకుండా.

"ఇదివరకు కుదుపులుండేవి కదా," అన్నారు మాస్టారు.

"టైమర్ పిలుపు వినబడకుండా చేసేసేను మాస్టారూ. అల గీసినంతసేపూ దాన్ని ఎవులూ ఆపలేరు."

తెర మూలనున్న గడియారం మూడు గంటల దగ్గరే నిలిచిపోయింది. కీ నొక్కితే అక్షరం పడలేదు. మాస్టారు రెండూ చూశారు. జేబులోంచి గంట తీసి, బ్యాటరీ ఊడదీసి, గంటని బల్ల మీద పెట్టి, బ్యాటరీని పైడిరాజు చొక్కా జేబులో వేశారు.

"ఈవేళ నీ దగ్గరే కూర్చుంటాను. నువ్వు లెమ్మన్నప్పుడు లేస్తాను."

 పైడిరాజు ఏడాదిగా దాచుకున్నవన్నీ అడిగాడు. మాస్టారు మొదటిసారి ఒక సంగతి చివరిదాకా చెప్పారు. రెండోది కూడా. మిగతావాళ్లు తలలు వంచుకుని, పనేదో ముంచుకొచ్చినట్టు నటించారు.

నాలుగున్నరకి ఆరో బల్ల మంగవేణి వచ్చింది. ఆమె సీతంపేట కొండల్లో నర్సు. డ్యూటీ దిగి బస్సులో వస్తుంది, ఐదున్నర బస్సుకి వెళ్లిపోతుంది. ఆమెకి దక్కేది ఒక్క వంతే. బల్ల దగ్గర కూర్చుని, పలక ముందుకు జరుపుకుని, ఇటు చూసింది.

ఈ ఒక్కటీ అయ్యాక చెబుదాం అనుకున్నాడు పైడిరాజు. అది అయింది. దాని పక్కనే ఇంకోటి మొలిచింది. ఐదయింది. లెమ్మనడానికి నోరు తెరిచాడు, వచ్చింది మరో ప్రశ్న. మాస్టారు దానికీ జవాబు చెప్పారు. ఆయన మంగవేణి బల్ల వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఐదుంబావుకి ఆమె సంచీ తీసుకుంది. "ఎల్లొస్తాను మాస్టారూ," అంది. గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే పైడిరాజుకి కాస్త నయంగా ఉండేది. మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు కిందిదాకా వినిపించింది.

అతను లేచి ఆమె బల్ల దగ్గరికి వెళ్లాడు. పలక చెరిగిపోకుండా పాత చీర ముక్క కప్పి ఉంది. ఎత్తి చూశాడు. పోయిన ఆదివారం మాస్టారు రాసిన మాటలు: 'ఆగిన పని మళ్లీ ఎక్కడ మొదలవుతుందంటే'. అంతే ఉంది.

"చెబుదామనే అనుకున్నాను మాస్టారూ," అన్నాడు. "నోరు రానేదు."

"ఎవరికీ రాదు నాయనా. నాకూ రాదు. అందుకే గంట."

పైడిరాజు చీర ముక్క తిరిగి కప్పాడు. జేబులోంచి బ్యాటరీ తీశాడు. ఇంతసేపూ గుండె మీదుండి వెచ్చబడింది. దాన్ని గంటలో వేసి మాస్టారికిచ్చాడు.

తర్వాతి ఆదివారం సాయంత్రం మాస్టారు అతని బల్ల దగ్గర కూర్చున్నారు. ఎన్నాళ్లనుంచో అతను వినాలనుకున్న మాట అప్పుడే మొదలైంది. పక్క బల్ల మీద మంగవేణి పలకపై గుడ్డ తీసింది.

గంట మోగింది. పైడిరాజుకి ప్రాణం ఉసూరుమంది. బలపం తీసి, తనే మాస్టారి చేతికి అందించాడు.