సుభాషిణమ్మగారి బండికి ప్లగ్గులు

పదిహేను రోజుల్లో ఆ కారుని తాడు కట్టి షెడ్డుకి లాక్కురావడం ఇది రెండోసారి. నూకరాజుకి ఒళ్ళు మండింది.

అది రోటరీ ఇంజను కారు. అందులో పిస్టన్లుండవు, మూడు మూలల ఇనపదిమ్మ గిర్రున తిరుగుతుంది. అలాంటి బండి విప్పగలిగినవాడు విశాఖపట్నంలో తానొక్కడేనని నూకరాజు నమ్మకం. అందులో కొంత నిజం, మిగతాది గీర. దాని నాలుగు స్పార్క్ ప్లగ్గులూ పందేల్లో తోలేవాళ్ళు వాడే ఖరీదైన రకం, ఏరికోరి తెప్పించి బిగించాడు. ఇప్పుడు విప్పి చూస్తే నాలుగూ మసిబారి ఉన్నాయి.

"బండి తొక్కాలి మేడమ్. జోరు లేకపోతే మసి కాలదు. ఎడ్లబండిలా తోల్తే ఏ ప్లగ్గేసినా ఇంతే. ఇది మీలాంటోళ్ళ బండి కాదు," అనేశాడు, షెడ్డులో అందరి ముందూ.

అరవై దాటిన సుభాషిణమ్మగారు పర్సు రెండు చేతులా పట్టుకుని తల వంచుకున్నారు.

నూకరాజుకి పని నేర్పిన బురాన్ మేస్త్రి బల్ల మీద కూర్చుని టీ తాగుతూ అంతా విన్నాడు. లేచి వచ్చి, ఆ ప్లగ్గుల్నే పెట్రోలుతో కడిగి తన చేత్తో బిగించాడు.

"మళ్ళీ అవేనా గురువుగారూ? మరి ఏ రకం వేస్తే నిలుస్తాది?"

"రేపు సాయంత్రం ఆళ్ళెనకాల కూకుని తిరిగిరా. నోరు మాత్రం ఇప్పకు."

మర్నాడు నూకరాజు వెనక సీట్లో ఎక్కాడు. ముందు, బండి తోలుతున్న సుభాషిణమ్మగారి పక్కన ఆమె భర్త పట్నాయక్ గారు ఉన్నారు. ఓడల్లో ఇంజినీరుగా చేసిన మనిషి. షుగరు వల్ల రెండు కళ్ళూ పోయాయి. ఆ సంగతి నూకరాజుకి తెలీదు, ఎప్పుడూ అడగలేదు కూడా.

కారు సముద్రం వెంబడి పాతిక స్పీడు మీద నడుస్తోంది. వెనక ఆటోలు హారన్లు కొడుతున్నాయి. ఆయన అరచెయ్యి ముందున్న డాష్‌బోర్డుకి ఆనించి ఇంజను చప్పుడు వింటున్నారు.

"ఇప్పుడు మూడో గేరు వెయ్యి సుభా," అన్నారు నవ్వుతూ. ఆవిడ వేసింది.

మిట్ట ఎక్కుతుంటే ఇంజను తడబడింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఈయన్ని తిప్పడానికే అరవయ్యో ఏట డ్రైవింగు నేర్చుకున్నాను బాబూ," అందావిడ అద్దంలో నూకరాజుని చూస్తూ. "నా చేతకానితనంతో ఈయన బండి పాడైపోతోందని నువ్వు చెప్పేదాకా తెలీలేదు. ఆదివారం ఎవరో కొనుక్కోడానికి వస్తున్నారు. అమ్మేస్తాం."

నూకరాజుకి సిగ్గుతో చెవులు మండిపోయాయి. షెడ్డు దాకా తన కాళ్ళకేసి చూసుకుంటూ కూర్చున్నాడు.

గేటు దగ్గర దిగి తిన్నగా మేస్త్రి దగ్గరికి వెళ్ళి, పక్కవాళ్ళకి వినపడకుండా వంగి చెప్పాడు.

"తప్పు ఆవిడ డ్రైవింగుది కాదు గురువుగారూ. నేను వేసిన పందేల ప్లగ్గులది, అవి జోరుగా తోల్తేనే మసి కాల్చుకుంటాయి. నెమ్మదిగా తోలేవాళ్ళకి కంపెనీ ఇచ్చిన మామూలు రకమే వెయ్యాల్సింది."

మేస్త్రి గేటుకేసి చూశాడు. కారు ఇంకా అక్కడే ఉంది.

"ఆ మాట అందరి ముందూ అన్నావు కదరా. ఇది నా సెవిలో సెప్తావేటి?"