ఇదే ఆఖరు

ఏటి రేవు దగ్గర సత్రం పని మొదలై ఐదు నెలలైంది. గోడలు లేచాయి, అక్కడితో పని ఆగిపోయింది. పైకప్పు లేదు. వానలకు నెల రోజులు కూడా లేదు. డబ్బు మాత్రం అయిపోయింది.

ఆ పని చూస్తున్నది ఫకీరప్ప. నూరుల్లా షా అనే సూఫీ గురువు దగ్గర ఎనిమిదేళ్లుగా ఉంటున్న శిష్యుడు.

ఏరు పొంగితే, అవతలి ఒడ్డున సంతకు వెళ్లే నేతగాళ్లు రేవులోనే రెండేసి రోజులు పడిగాపులు కాసేవాళ్లు. కిందటేడు వానలో ఓబులమ్మ అనే ఆమె మోసుకొచ్చిన పన్నెండు చీరలు తడిసి, ఒకదాని రంగు ఒకదానికి అంటుకుంది. అది ఆమె ఆరు నెలల కష్టం. అప్పుడే నేతపేట వాళ్లంతా గురువు దగ్గరికి వచ్చి, తలా ఇంత వేసుకుని సత్రం కట్టుకుంటామన్నారు. గురువు ఆ పని ఫకీరప్పకు అప్పగించాడు.

ఐదు వందలు చాలన్నాడు ఫకీరప్ప. అవి అయిపోయాయి. నూటయాభై అడిగి, "ఇదే ఆఖరు" అన్నాడు. అవీ అయిపోయాయి. మరో నూరు అడిగినప్పుడూ ఆ మాటే అన్నాడు. ఇప్పుడు ఇంకో నూటయాభై కావాలి.

ఆ శుక్రవారం ఉదయం విసవిసా నడుచుకుంటూ గురువు పాకకు వచ్చాడు. గురువు చాటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతున్నాడు.

"హజ్రత్, ఈ నేతపేట వాళ్లతో నావల్ల కాదు. పునాదిలో బండ పడింది, అది నా తప్పా? సున్నం ధర పెరిగింది, అదీ నా తప్పేనా? మధ్యలో వాళ్లే వచ్చి మూటలు దించుకోడానికి అరుగు కావాలన్నారు. కట్టించాను. ఇప్పుడేమో ఎదురుపడితే చాలు, 'ఇంకెప్పుడప్పా, ఇంకెంతప్పా' అంటారు. పొద్దున లేస్తే ఇదే గోల!"

"బండ పడిన సంగతి వాళ్లకు చెప్పావా?"

"ఎలాగో సర్దేసి, పనైపోయాక చెబుదామనుకున్నా."

"ఎప్పుడు పడింది?"

"మాఘమాసంలో."

గురువు ఒక రాయి ఏరి పక్కన వేశాడు. అప్పటికి వైశాఖం సగమైంది.

"గోడలు కట్టే బేల్దారి సుంకన్న మొదట్లో ఎంతవుతుందన్నాడు?"

ఫకీరప్ప తల గోక్కున్నాడు.

"తొమ్మిది వందలు."

"నువ్వు ఐదన్నావు."

"తొమ్మిదంటే అసలు పలుగే వెయ్యనిచ్చేవాళ్లు కాదు హజ్రత్! ఒకసారి మొదలైతే ఎట్లాగో పూర్తవుతుందనుకున్నా." గొంతు కాస్త తగ్గించాడు. "మీరు ఒక్కసారి వచ్చి చెప్పండి. మీ మాట కాదనరు."

గురువు చాట ఎత్తి పట్టుకుని లేచాడు.

"ముందు జనానికి అన్నం పెడదాం, రా."

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆ పాక ముందు పప్పన్నం పెడతారు. ఎప్పుడూ ఎనభై మందికి మించి రారు. ఆ రోజు అవతలి ఊరి దర్గాలో ఉరుసు నుంచి తిరిగి వచ్చేవాళ్లు కూడా వరుసలో చేరారు. ఫకీరప్ప తల ఎత్తకుండా వడ్డిస్తున్నాడు. నలభై మంది తిన్నారు. గుండిగలో ఇంకా సగం ఉంది.

గురువు వరుస చివరిదాకా చూశాడు. వచ్చి ఫకీరప్ప చేతిలోంచి గరిటె తీసుకుని, గుండిగ మూతి మీద అడ్డంగా పెట్టాడు.

"అమ్మా, అయ్యా, ఒక మాట వినండి. ఎనభై మందికి వండాం. తిన్నవాళ్లతో కలిపి మీరు నూట ఇరవై దాకా ఉన్నారు. మిగిలింది నలభై మందికే. ఇంకా ఎనభై మంది తినాలి. చూసుకోకుండా వండించింది నేను. ఏం చేద్దామో మీరూ చెప్పండి."

వరుసలో గొడవ లేచింది. "ముందే చూసుకోవద్దా సామీ? ఇంతసేపు ఎండలో నిలబెట్టి ఇప్పుడా చెప్పేది?" అని అరిచాడు ఒకాయన.

"చూసుకోవాల్సింది నాయనా. నిజమే," అన్నాడు గురువు.

కాసేపు గొణుక్కున్నారు. దగ్గర్లో ఇళ్లున్న పదిమంది వెళ్లిపోయారు. ఒక బండి తోలే ఆయన తన సద్దిమూట విప్పి జొన్నరొట్టెలు ముక్కలు చేశాడు. ఎదురింటామె కడివెడు మజ్జిగ తెచ్చింది. తలా ఒక గరిటె వేస్తే అన్నం చివరిదాకా వచ్చింది. కడుపు నిండనివాళ్లు ఉన్నారు. విసుక్కుంటూ పోయినవాళ్లూ ఉన్నారు. ఏమీ తినకుండా పోయినవాళ్లు మాత్రం, దగ్గర్లో ఇల్లున్న ఆ పదిమందే.

ఫకీరప్ప గుండిగ తోముతూ ఉండబట్టలేకపోయాడు.

"సగం అన్నం ఉండగానే ఎందుకు చెప్పారు హజ్రత్? ఆ తిట్లు తినాల్సిన ఖర్మ ఏముంది మీకు?"

"అడుగంటాక చెబితే, తిట్టడం తప్ప వాళ్లు చేయగలిగేది ఏముంది?"

ఫకీరప్ప చేతిలో పీచు ఆగింది. కాసేపటికి గుండిగ బోర్లించి, చేతులు కడుక్కుని, ఒక్కడే నేతపేట దారి పట్టాడు.

మగ్గాల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగింది. జనం చుట్టూ చేరారు.

"మేస్త్రి మొదట్లోనే తొమ్మిది వందలన్నాడు," అన్నాడు ఫకీరప్ప. "మీకు ఐదని చెప్పింది నేను. బండ పడి మూడు నెలలైంది. దాన్నీ దాచాను. ఇప్పుడు నా దగ్గర రూపాయి లేదు. పెంకులు, దూలాలు కావాలంటే ఇంకో నూటయాభై కావాలి."

ఒక్కసారిగా అందరూ అందుకున్నారు. ఒకతను పడుగు కర్ర నేలకేసి కొట్టి, నూలు కొనుక్కునే డబ్బు నీ చేతిలో పోశానని కేకలేశాడు.

ఓబులమ్మ చివరిదాకా ఆగి, ముందుకొచ్చింది.

"డబ్బు ఎక్కువైనందుకు కాదప్పా నా కోపం. తొమ్మిదంటే మేం తట్టుకోలేమని నీ అంతట నువ్వే అనుకున్నావు చూడు, దానికి. ఇంకేమన్నా దాచావా?"

"లేదమ్మా."

"పెంకులే ఎందుకు? ఈ ఏడాదికి తాటాకు కప్పితే వాన ఆగదా? ఆకు మేమే కొడతాం. దూలాలకు ఎంతవుతుందో అది చెప్పు. ఈసారి సుంకన్న చెప్పిందే చెప్పు."

ఐదు నెలల్లో తాటాకు సంగతి ఫకీరప్పకు ఒక్కసారీ తట్టలేదు. ఎవరినీ అడిగిందీ లేదు.

అతను తిరిగొచ్చేసరికి గురువు పాక అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమన్నారు?"

"తిట్టారు హజ్రత్. బాగా తిట్టారు."

"తర్వాత?"

"కొడవళ్లు తెచ్చుకోడానికి ఇళ్లకు పోయారు."

గురువు పక్కకు జరిగి, అతనికి కూర్చునే చోటు ఇచ్చాడు.