ఇల్లు చేర్చిన తిరుపాలు

దగ్గరికి జరగండి నాయనా. ఆ మూలనున్న అమ్మా, నువ్వూ రా. నరసింహస్వామిని ఒకసారి తలుచుకుని వినండి.

అనగనగా, భూమిలో బంగారం ఇంకా అయిపోని కాలంలో ఒక గనుల ఊరు. అక్కడి దొరలు ఎక్కడినుంచో బేస్‌బాల్ అనే ఆట తెచ్చి, కూలిచ్చి మరీ ఆడించేవారు. కర్రతో బంతిని కొట్టాలి, మూడు మూలలు తాకి మొదటి చోటికి రావాలి. ఆ చోటుకు మనవాళ్లు పెట్టుకున్న పేరు ఇల్లు. ఇల్లు చేరినవాడి పేరు కింద గోడ మీద బొగ్గుతో ఒక గీత.

జట్టుకు పెద్ద మేస్త్రీ ఓబులేసు. మంచివాడే, కానీ గుడిలో తీర్థమిచ్చినా వాసన చూసి తాగే రకం.

ఆ జట్టులోనే చాకలి తిరుపాలు. రేవులో బండకేసి బట్టలుతికిన భుజం. కొడితే బంతి గుట్ట దాటాలి. సరదాకి ఆడితే దాటేది కూడా.

మొదటి పోటీలో మనవాడొకడు మూడో మూల మీద ఎదురుచూస్తున్నాడు. తిరుపాలు బంతిని మెల్లగా కాళ్ల ముందు రాల్చాడు. అవతలివాళ్లు దాన్ని ఏరుకుని అతణ్ణి ఔట్ చేసేలోగా, మూలనున్నవాడు ఇల్లు చేరాడు. గీత వాడికి. ఓబులేసు చూశాడు.

రెండో పోటీలో మళ్లీ మెల్లగా రాల్చాడు. మళ్లీ తాను ఔట్. మళ్లీ గీత ఇంకొకరికి. ఓబులేసు చూశాడు, గడ్డం గోక్కున్నాడు. గుట్ట దాటించేవాడు కావాలని ఔటవడమేంది?

మూడో పోటీ రైలు డిపో ఊరితో.

"అది తిరుపాలు అత్తారి ఊరు మేస్త్రీ," జట్టులోని బుడ్డన్న చెవిలో ఊదాడు. "వాళ్ల కోడిపులుసు తిన్న చెయ్యి, వాళ్ల మీద ఎట్ల లేస్తాది?"

ఓబులేసు తిరుపాలు కర్రను వాసన చూశాడు. ఊపి చూశాడు. చివరికి అతణ్ణే పిలిచాడు.

"స్వామి ముందర తడిబట్టలతో ప్రమాణం చెయ్యి. లేకుంటే జట్టులో ఉండొద్దు."

"నేను తడిబట్టలు విప్పేదెప్పుడు ఓబులేసన్నా? పుట్టినప్పటినుంచి ప్రమాణం మీదే ఉండా."

అందరూ నవ్వారు. ఓబులేసు నవ్వలేదు. తిరుపాలు స్వామి ముందు చెయ్యి చాపి, జట్టు గెలుపు కోసమే కొడుతున్నానని ప్రమాణం చేశాడు. అయినా ఓబులేసు నమ్మలేదు.

"ఈ ఒక్క ఆట చూస్తా. తేడా వస్తే మళ్లీ నీకు కర్ర లేదు."

పోటీ సమానంగా నడిచింది. చివరి వంతు. మూడో మూల మీద ఈసారి ఓబులేసే. కర్ర తిరుపాలుది. బంతి విసిరేది తిరుపాలు బావమరిది.

"బాగుండావా బావా?" అని నవ్వాడు వాడు.

ఓబులేసు ఆ నవ్వు చూశాడు. నన్ను ఇక్కడే నిలబెట్టి అమ్మేస్తాడు అనుకున్నాడు.

తిరుపాలు మెల్లగా రాల్చాడు.

ఓబులేసు తిట్టుకుంటూనే పరిగెత్తాడు. ఇంటి మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు. అప్పుడు కనబడింది. అవతలి జట్టంతా గుట్ట కింద బారులు తీరి, పెద్ద దెబ్బకోసం కాచుకుని ఉంది. ముందర ఖాళీ. తిరుపాలు ఔటయి దుమ్ము దులుపుకుంటున్నాడు. మనవాళ్లు గెలిచారు.

ఓబులేసు గోడ దగ్గరికి పోయి గీతల మీద వేలు పెట్టాడు. ఇతణ్ణి ఎవరు చేర్చారు? తిరుపాలు. ఇతణ్ణి? తిరుపాలు. నన్ను? తిరుపాలు. తిరుపాలు పేరు కింద మాత్రం గోడ తెల్లగా ఉంది.

తెల్లారి ఓబులేసే రేవులో మునిగి, తడిబట్టలతో తిరుపాలు ముందు నిలబడ్డాడు.

"ప్రమాణం చేసినాక కూడా నిన్ను అనుమానించినా తిరుపాలూ."

"ఆ పంచె ఇటియ్యన్నా," అన్నాడు తిరుపాలు. "ఎట్లాగూ తడిసింది, ఉతికేస్తా."

ఏళ్లు గడిచి తిరుపాలు కాలం చేశాడు. బంగారం అయిపోయింది. గోడ కూలింది. అయినా ఆ ఊళ్లో ఈనాటికీ ఆ ఆట ఆడితే, ఇల్లు చేరినవాడు ముందు తన గీత గీసుకోడు. "ఎవరు చేర్చారు?" అని అడుగుతారు. చేర్చినవాడి పేరు చెప్పి, వాడికో గీత గీశాకే తనది. దూరం పోయి క్షేమంగా వచ్చినవాళ్లు కూడా గడపలో, "తిరుపాలు చేర్చినాడు" అంటారు.

నాయనా, మిగతాదంతా మరిచిపోయినా సరే, తాను ఔటయి పక్కవాణ్ణి ఇల్లు చేర్చాడే, అదొక్కటి గుర్తుంచుకోండి. ఇంటికి పోయి ఒకరికి చెప్పండి. ఏదీ, నాతో ఒకసారి అనండి. ఎవరు చేర్చారు?