ఒడ్డెక్కిన ఆవకాయ జాడీ

ఓడ మునిగిపోయింది. ముందే చెప్పేస్తున్నాను, మునుగుతుందా అమ్మమ్మా, మునగదా అమ్మమ్మా అని మధ్యలో నన్ను విసిగించకండి. మునిగింది. ఇక దుప్పట్లు కప్పుకుని ఊ కొట్టండి.

అనగనగా ఓ గోదావరి లంకలో వరహాలు అనే పిల్ల ఉండేది. లంక అంటే చుట్టూ నీళ్ళేగా. అక్కడి ఆడపిల్లలు ఖాళీ బిందె బోర్లించి పట్టుకుని ఏరు ఈదేసేవాళ్ళు. బిందెలో గాలి ఉంటుంది, గాలి మునగదు. ఆ పిల్లని మెట్ట ఊళ్ళో అచ్చియ్యమ్మ కొడుక్కి ఇచ్చి చేశారు. అచ్చియ్యమ్మకి నీళ్ళంటే చెంబుతో పోసుకునేవే. కోడలు కాలవలో ఈదిందని తెలిసి, "ఆడదానికి ఈతేమిటే, నిన్ను కప్పలింటి నించి తెచ్చుకున్నానా?" అని వీధంతా వినేలా అడిగింది. వరహాలు తల దించుకుంది. దించుకుంది గాని ఒప్పుకోలేదు, అది గుర్తుంచుకోండి.

కొడుక్కి సముద్రం అవతల రంగంలో, అదే రంగూన్‌లో, బియ్యం మిల్లులో పని. కోడల్ని దింపి వస్తానని అత్త కూడా పొగ ఓడ ఎక్కింది. ఒళ్ళో ఏం పెట్టుకుంది? జాడీ. ఇంత పెద్ద జాడీ, నిండా ఆవకాయ. వరహాలు ఓ చెయ్యి వెయ్యబోతే, "తడి చెయ్యి తగిలితే బూజు పడుతుంది, ఎడంగా ఉండు" అంది. జాడీని చంటిపిల్లలా కావలించుకు కూచుంది.

మర్నాడు మధ్యాహ్నం, ఓడ ఇంకా మన ఒడ్డు వెంబడే పోతుండగా, తుఫాను వచ్చిపడింది. గాలి వచ్చి కెరటాన్ని లేపింది, కెరటం వచ్చి ఓడని లేపింది, ఓడ ఊగి అత్తని లేపింది, అత్త లేచి కోడల్ని తిట్టింది. కింద బొగ్గు గదిలోకి నీళ్ళొచ్చాయి. నిప్పు ఆరింది, పొగ ఆగింది, ఓడ ఆగింది. ఊ కొడుతున్నారా? కొట్టండి, అవతల ఓడ ఒరిగిపోతోంది.

పడవలు దింపారు. మొదటిది నిండింది, రెండోది నిండింది, మూడోది వీళ్ళ వంతు వచ్చేసరికి కెరటం కొట్టి చెక్కలైపోయింది. నీళ్ళు మోకాళ్ళు దాటాయి. అచ్చియ్యమ్మ ఏం చేసింది? జాడీని నెత్తికెత్తుకుంది. వరహాలు ఇమ్మంది. అత్త తడి చేతులతో ముట్టుకోవద్దంది. ఓడ మునుగుతుంటే కూడా అదే మాట.

వరహాలు లాక్కుంది. తడి చేతులతోనే జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పి, ఆవకాయంతా సముద్రంలో గుమ్మరించింది.

"నా కొడుకు ఏడాదంతా ఏం తింటాడే?" అని అత్త ఏడ్చింది.

"నువ్వుంటే మళ్ళీ పెడతావు అత్తా. నువ్వు పోతే నాకు ఉప్పు ఎంత వెయ్యాలో కూడా తెలీదు."

మూత బిగించి, నూనె పీల్చిన ఆ గుడ్డే మళ్ళీ గట్టిగా కట్టి, అత్త చేతులు జాడీ మెడ చుట్టూ వేసింది. అంతలో ఓడ వాళ్ళ కాళ్ళ కింద నించి వెళ్ళిపోయింది.

అత్త జాడీని పట్టుకుంది, కోడలు అత్తని పట్టుకుంది, కెరటం ముగ్గుర్నీ పట్టుకుంది. కాళ్ళాడించమని కోడలు, ఎలా ఆడించనే అని అత్త.

"నన్ను తంతున్నాననుకో అత్తా."

అచ్చియ్యమ్మ బ్రహ్మాండంగా తన్నింది. తన్నగా తన్నగా, పొద్దు వాలకముందే చేపల పడవలు ఎదురొచ్చి ఎక్కించుకున్నాయి. చాలామంది దొరికారు. కొందరు దొరకలేదు. కథే అయినా ఆ మాట మాత్రం నేను మార్చను.

ఇసక మీద కూచోబెట్టి గంజి ఇస్తే, అచ్చియ్యమ్మ రెండు గుక్కలు తాగి, నంచుకోడానికి ఏం లేదా అంది. వరహాలు నవ్వింది, అత్తా నవ్వింది, నవ్వుతూనే కోడలి తడి చెయ్యి పట్టుకుంది. కబురు తెలిసి కొడుకు రంగం నించి పరుగెత్తుకొచ్చాడు. ఆవకాయ ఓడెక్కి రాలేదు గనక ఆవకాయ దగ్గరికి ఆయనే వచ్చాడు. మళ్ళీ వెళ్ళలేదు.

అందరూ సుఖంగా ఉన్నారు. కథ ఒడ్డెక్కింది, మీరు మంచాలెక్కండి.

ఆ జాడీయా? అచ్చియ్యమ్మ అందులో మళ్ళీ ఆవకాయ పెట్టనివ్వలేదు. ఆడపిల్లయినా, ఇంటికొచ్చిన కోడలైనా, ముందు ఆ జాడీ పట్టుకుని కాలవ ఈదాకే వంటింట్లోకి రావాలంది. మొదట తనే దిగింది, అరవయ్యో ఏట. చచ్చేదాకా ఆ మాట తప్పలేదు. తర్వాత వరహాలు తప్పలేదు, అంటే మా అమ్మ. జాడీ సాయంత్రమే అటక మీద నించి దింపించాను. పొద్దున్నే మీ వంతు.