అరచేతి మీది పాట

కామేశానికి ఒక గొప్ప సుగుణం ఉంది. తన చేత్తో కుట్టిన నోటుపుస్తకంలో తాను ఒక్క అక్షరం కూడా రాయడు. దీన్ని అతను నిగ్రహం అనేవాడు. అతని భార్య పిసినారితనం అనేది. పనిచేసే బట్టలకొట్టులో మిగిలిన రవికెగుడ్డ ముక్కలు తెచ్చి అట్టలకు అంటించేవాడు. దారానికి మైనం పట్టించి, కాగితాలు మడతపెట్టి కుట్టేవాడు. అంతా అయ్యాక పుస్తకాన్ని ముక్కుకు ఆనించి కళ్ళు మూసుకునేవాడు. దేవుడి ముందు కూడా అంత భక్తిగా మూసింది లేదు. ఇంతకీ ఆ పరిమళం మైదా జిగురుదీ, పురుగు పట్టకుండా అందులో కలిపే మైలుతుత్తానిదీ.

ఆ విద్య నేర్పినవారు పిఠాపురంలో బైండింగు చేసే వేంకటప్పయ్యగారు. ప్రశ్న అడిగితే ఆయన తల ఎత్తరు. దబ్బనంతో ఇంకో కన్నం పొడుస్తారు. జవాబు తరవాతెప్పుడో, ఎటునుంచో వస్తుంది. ఒక్కోసారి రాదు కూడా.

ఒకనాడు కామేశం మండిపడుతూ వచ్చాడు.

"గురువుగారూ, పుస్తకం విలువ తెలిసినవాడు ఈ లోకంలో ఒక్కడుంటే చూపించండి! మా బావమరిదికి ఎర్ర అట్టది ఇచ్చానా? పేకాట స్కోరు రాశాడండీ దాంట్లో! ఎదురింటావిడ పాలగిన్నె మీద మూత పెట్టింది. మా గుమస్తా అయితే నా కళ్ళ ముందే కాగితం చింపి, చుట్టి, చెవిలో తిప్పుకున్నాడు. చెవిలోనండీ! ఇలా పాడుచేసేవాళ్ళకి పుస్తకం ఇవ్వడం పాపం కాదుటండీ?"

వేంకటప్పయ్యగారు కన్నం పొడిచారు. దారం లాగారు.

"ఎల్లుండి సామర్లకోటలో మా అక్క మనవరాలి పెళ్ళి. నువ్వూ రా. నీ వాటిలో మంచిదొకటి పిల్లకి పట్రా" అన్నారు.

కామేశం అన్నిటికంటే మంచిదే తీశాడు. నెమలికంఠం రంగు పట్టు అట్ట. కుట్టు ఎక్కడ మొదలైందో కనిపెట్టినవాడికి దణ్ణం పెట్టాలి. దాన్ని సంచిలో పసిపిల్లలా పడుకోబెట్టి తీసుకెళ్ళాడు.

ఆ పెళ్ళింట్లో ఒక దిగులుంది. పెళ్ళికూతురు సుగుణకి అమ్మమ్మ, అంటే వేంకటప్పయ్యగారి అక్క మాణిక్యమ్మగారు, ఒక అప్పగింతల పాట పాడాలి. ఆవిడ తల్లి కట్టిన పాట అది. ఆ ఇంటి ఆడపిల్ల ఎవరూ ఆ పాట వినకుండా గడప దాటలేదు. కిందటేడు విషజ్వరం వచ్చి తగ్గాక మాణిక్యమ్మగారికి అది గుర్తుకు రావడం మానేసింది. ఇంకెవరికీ పూర్తిగా రాదు. "నన్ను మాత్రం ఉత్తినే పంపేస్తావా అమ్మమ్మా?" అని సుగుణ అడిగినప్పటినుంచీ ముసలావిడ అన్నం సరిగ్గా తినడం లేదు. ఫోను నొక్కి పాట పట్టేసుకునే రోజులు కావవి.

పెళ్ళినాటి ఉదయం వేంకటప్పయ్యగారు విడిదింటికి వెళ్ళారు. కామేశం వసారాలో మాణిక్యమ్మగారి పక్కన కూర్చుని తమలపాకులు తుడుస్తున్నాడు. వీధిలో సన్నాయి ఎత్తుకుంది. ఆవిడ చేతిలో ఆకు అలాగే ఆగిపోయింది.

"వచ్చింది! నాయనా, వచ్చింది! పుస్తకాలు కుట్టేవాడివిటగా, రాసుకో. మళ్ళీ పోతుంది, రాసుకో!"

ఆవిడ కళ్ళు మూసుకుని ఎత్తుకుంది.

"పాలల్లో ముంచాము చేతులు, పదిలంగ పట్టండి వియ్యాలవారూ..."

కామేశం చెయ్యి సంచిలోకి వెళ్ళింది. పట్టు అట్ట తగిలింది. హడావుడిగా, వంకరగా, కొట్టివేతలతో రాయడం, అదీ మొదటి పేజీ మీద! చెయ్యి తనంతట తానే వెనక్కి వచ్చేసింది. జేబులో కలం తీసి ఎడమ అరచేతి మీద రాశాడు. అరచెయ్యి నిండితే మణికట్టు మీద, అదీ నిండితే మోచేతిదాకా. పాట అయిపోయింది.

"రాశావా నాయనా?"

"అక్షరం పోకుండానండి!"

పాటా దక్కింది, పుస్తకమూ దక్కింది. తీరిగ్గా ఇంటికెళ్ళి మంచి కాగితం మీద ఎక్కించి పంపుదామనుకున్నాడు. సాయంత్రమే కావాలన్న సంగతి ఆ తెలివైన బుర్రకి తట్టలేదు. తన తెలివికి తనే మురిసిపోతూ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అదే సమయానికి విడిదినుంచి మగపెళ్ళివారు తరలివచ్చారు. ఆడవాళ్ళు గంధం గిన్నెలతో ఎదురొచ్చి, ఇతన్నీ మగపెళ్ళివారిలో జమకట్టి చేతుల నిండా గంధం పూశారు. మర్యాద తెలిసినవాడు కదా, రెండు చేతులూ కలిపి మోచేతిదాకా బాగా రుద్దుకున్నాడు. పైనుంచి పన్నీరు చల్లారు.

అప్పగింతల వేళ పళ్ళెంలో పాలు పోశారు. సుగుణ చేతులు పాలల్లో ముంచారు. మాణిక్యమ్మగారు నోరు తెరిచి, ఆగి, చుట్టూ చూసింది. "ఏడీ ఆ అబ్బాయి? ఏదీ పాట?"

కామేశం చెయ్యి చాపాడు. చంకలోని సంచిలోంచి పట్టు అట్ట తొంగిచూస్తోంది. మోచేతిదాకా నీలం కలిసిన పసుపు. మంచి వాసన మాత్రం వస్తోంది.

"పుస్తకం హస్తభూషణం అంటే ఇదేనన్నమాట!" అన్నాడు పెళ్ళికొడుకు మేనమామ. కొందరు నవ్వారు. ముసలావిడ నవ్వలేదు.

"చేతి మీద రాశావా? చంకలో పుస్తకం పెట్టుకుని?"

"అది... పాడైపోతుందేమోనండి..."

మాణిక్యమ్మగారి గొంతు పందిరంతా వినబడింది. "పాడవకుండా దాచిన పుస్తకం ఏం పాడుతుందిరా! మా అమ్మ పాటకంటే నీ తెల్లకాగితం ఎక్కువైపోయిందీ? గుడ్డముక్క చుట్టిన కాగితాలకి కాపలా కాస్తావుట్రా, మనిషి గొంతు పోతుంటే చూస్తూ కూర్చుంటావూ?"

సుగుణ పాలు కారుతున్న చేత్తో అమ్మమ్మను పట్టుకుంది. "వచ్చినంతే పాడు అమ్మమ్మా."

వచ్చింది ఆ మొదటి చరణమొక్కటే. ఆవిడ దాన్నే పాడింది, మళ్ళీ మళ్ళీ పాడింది. కామేశం సంచిలోంచి పుస్తకం లాగి, నిలబడే రాశాడు. 'వియ్యాలవారూ' పక్కకి ఒరిగిపోయింది. సుగుణ అందుకుంటే అట్ట మీద పాల మరకలు పడ్డాయి. పోయిన పాటకి బాధపడుతున్నాడో, మరకలకి బాధపడుతున్నాడో అతనికే తేలలేదు. తేలనందుకు సిగ్గేసింది.

తిరుగు బండిలో కామేశం అరచేతిలో ఎండిన గంధం గోటితో గీకుతూ కూర్చున్నాడు. ఉండబట్టలేక అడిగాడు.

"కోపంగా ఉందాండీ, గురువుగారూ?"

"ఉంది."

"నా మీదే కదండీ?"

వేంకటప్పయ్యగారు ఆ రోజు తల ఎత్తారు.

"నీ మీద ఇవాళ్టినుంచే. నా మీద ఎన్నేళ్ళనుంచో. ఆ పాట కట్టింది మా అమ్మ. ఆవిడ పాడుతుంటే పక్కనే కూర్చుని నేను ఊళ్ళోవాళ్ళ పుస్తకాలు కుట్టేవాణ్ణి. కుట్టడం నేర్పమంటే నీకు నేర్పాను. రాసుకోవడం నాకింకా రాలేదురా."