బల్లి పలకని మాట

అనగనగా ఒక కొండ, ఆ కొండ కిందో ఊరు, ఆ ఊరి చివరో రేకుల షెడ్డు. ఆ షెడ్డులో బళ్లు బాగుచేసే నూకరత్నం కడుపులో, నోటిదాకా రాని మాట ఒకటుంది: "తాత బండిలో పాత ప్యాకింగ్ ముక్క వదిలేశాను."

ఆ తాత పేరు సన్యాసయ్య. ఆయనదో ముసలి డీజిలు కారు. కొండమీది గూడేలకి అదే పల్లకీ, అదే అంబులెన్సు. ఇంజను అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ ఉంటుంది. చాంబర్‌కీ ఇంజనుకీ నడుమ, ఆయిల్ బయటికి రాకుండా బెండు ప్యాకింగ్. అది ఎండి, చిట్లి, ఆయిల్ కారుతుంటే తాత బండిని రత్నం దగ్గరికే తెచ్చాడు.

"ఆడగుంట చేతికి ఇంజనా! వంటింట్లో మూకుడనుకున్నావేటి?" అని నవ్వాడు ఎదురు షెడ్డు మేస్త్రి.

"నీ చేతికిచ్చినప్పుడే కదరా అది మూకుడైపోయింది!" అన్నాడు తాత.

రత్నం ఎవరి దగ్గరా శిష్యరికం చెయ్యకుండా, చూసి నేర్చుకున్న పిల్ల. ఆ ఒక్క మాటకే పొంగిపోయింది. చాంబర్ దించింది. అంచుకి అతుక్కున్న పాత బెండునంతా గీకింది. వెనక మూల మాత్రం చెయ్యి దూరలేదు. దూరాలంటే ఇంజను కాస్త ఎత్తాలి. ఎత్తాలంటే ఎదురు మేస్త్రిని గొలుసు కప్పీ అడగాలి. నవ్వినవాణ్ణి ఎలా అడుగుతుంది? ఆ మూల మిగిలిన పాత ముక్కమీదే అతుకు పేస్టు దండిగా పూసి, పైన కొత్త ప్యాకింగ్ పెట్టి బిగించేసింది.

రాత్రి బండి షెడ్డులోనే ఉంది. తెల్లారగానే తాత వచ్చాడు. "పై గూడెంలో ఓ పిల్లకి పురిటి నొప్పులొచ్చేయట. దింపుకొస్తానే గుంటా!" అని వెళ్లిపోయాడు.

ఘాటు రోడ్డు మొదట్లో ఆగి టీ తాగడం ఆయన అలవాటు. అక్కణ్ణించి పైకెళ్తే ఇక ఫోను పలకదు.

రత్నం ఫోను పట్టుకుని కూలబడింది. గోడమీద బల్లి ఆమెనే చూస్తోంది.

"పేస్టు దండిగా పూశాను. ఆగుతుందిలే," అంది రత్నం. మాట నిజమైతే బల్లి పలుకుతుందంటారు కదా! చెవి రిక్కించింది. బల్లి పలకలేదు.

బండి నిలిచిన చోట తడి మరక కనబడింది. గబగబా దానిమీద రంపప్పొట్టు చల్లింది. "ఇది పాత మరకే." బల్లి పలకలేదు.

"ఒకవేళ కారినా ఆయిల్ లైటు వెలుగుతుంది, తాత ఆపేస్తాడు." అంటూనే నాలిక్కరుచుకుంది. ఆ లైటు పోయి ఏళ్లయిందని తాతే చెప్పాడు! బల్లి ఈసారి తోకైనా కదపలేదు.

"నీ సొమ్మేం పోయిందే, ఒక్కసారి పలకరాదూ!"

బల్లి తల తిప్పింది. "నా నోరు నిజానికే తల్లీ. నీ సర్దుబాటుకి తాళం వెయ్యడానికి కాదు."

రత్నం చేతిలోని ఫోను వంక చూసింది. ఘాటు నడుమ ఆయిలంతా కారిపోయి ఇంజను పట్టేస్తే? వెనక సీట్లో ఆ పిల్ల, చుట్టూ అడవి. అలాగని ఫోను చేస్తే? ఎదురు షెడ్డులో మళ్లీ ఆ నవ్వు, ఈసారి ఊరంతా కలిసి.

చివరికి మాట దానంతటదే జారిపడింది. "వెనక మూల గీకలేదు. బండి ఏమవుతుందో అని కాదు, నా పేరేమవుతుందో అనే ఇంతసేపూ కూర్చున్నాను."

"ట్చ్... ట్చ్... ట్చ్!" పలికింది బల్లి.

బల్లి పలికితే నేల తట్టాలని అమ్మ నేర్పిన అలవాటు. రత్నం వేలితో తట్టింది. వేలు రంపప్పొట్టులో పడింది. పైకి తీస్తే జిడ్డు. పాత ఆయిలైతే నల్లగా ఉండాలి. ఇది తేనెరంగులో ఉంది. నిన్న తను పోసిన కొత్త ఆయిలే!

రత్నం లేచి నిలబడింది. తాత టీగ్లాసు కింద పెట్టేలోగా ఆపాలి. ఆ పిల్లకోసం వేరే బండి వెళ్లాలి. ఊళ్లో ఉన్న జీపు ఎదురు మేస్త్రిది. అయితేనేం, అడుగుతుంది. ముందు తాతకి చెప్పాలి.

ఆ జిడ్డు వేలితోనే ఫోనులో తాత నంబరు వెతికింది.

పిల్లలూ! దాచిన తప్పు చుక్కచుక్కా కారుతూనే ఉంటుంది. ఒప్పుకున్న తప్పే అక్కడితో ఆగుతుంది.